అరవై వేల వ్యూస్, మూడు ఆర్డర్లు

నాలుగేళ్లుగా ఇంట్లోనే కాన్వాస్ సంచులు, ల్యాప్‌టాప్ కవర్లు, జిప్పు పౌచులు కుట్టి అమ్ముతున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమెకు సాయంగా ఇద్దరున్నారు. ముగ్గురూ కలిసి రోజుకు ఆరు సంచులు తీయగలరు, నెలలో పాతిక రోజులు పని. మొదటి మూడేళ్లూ ఆ నోటా ఈ నోటా విని వచ్చినవాళ్లే కొన్నారు. ఏడాది కిందట ఆమె తమ్ముడు ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచాడు, తన ఫోన్ నంబరుతో, తన ఈ-మెయిల్‌తో. "ఖాళీగా కనిపించే షాపులోకి ఎవరూ అడుగు పెట్టరక్కా" అని 1,500 మంది ఫాలోవర్లను డబ్బిచ్చి తెచ్చాడు కూడా. ఇప్పుడు మొత్తం 2,400 మంది. సంచిలో దూరిన పిల్లి ఆవలిస్తున్న ఒక రీల్‌కు 60,000 వ్యూస్ వచ్చాయి. దాని వల్ల వచ్చిన ఆర్డర్లు మూడు.

"నెలకు 140 మంది దాకా 'ఎంత?' అని మెసేజ్ పెడతారు. పగలంతా మిషన్ దగ్గరే ఉంటాను. రాత్రి పదింటికి కూర్చుని జవాబులు రాస్తే సగం మంది మళ్లీ పలకరు. నెల మొత్తానికి 35 ఆర్డర్లు వస్తే అందులో 25 పాతవాళ్లవే. ఇన్‌స్టాగ్రామ్ నుంచి ఏడు, ఇంకెలాగో మూడు. మావారు 'ఇంట్లో ఉండీ లేనట్టే ఉన్నావు' అంటున్నారు" అని రాశారు. పిల్లల స్కూలు తల్లిదండ్రుల గ్రూపులో సంచుల ఫొటోలు పెడితే ఎవరో "ఇదేమీ సంత కాదు" అన్నారట, అడ్మిన్ ఆ మెసేజ్ తీసేశారట. అప్పటినుంచి స్కూలు గేటు దగ్గర తల ఎత్తలేకపోతున్నానన్నారు. స్నేహితురాలు తీసుకెళితే రెండు వ్యాపార సమావేశాలకు వెళ్లి 40 కార్డులు పంచారు, ఒక్క ఫోనూ రాలేదు. ఇప్పుడు ఒక ఏజెన్సీ వచ్చి ఆరు నెలలకు సంతకం పెడితే 20,000 మంది ఫాలోవర్లను తెస్తామని, ఆమె కెమెరా ముందుకొచ్చి మాట్లాడి తీరాలని చెబుతోంది. "కెమెరా చూస్తేనే నాకు గొంతు ఎండిపోతుంది. ఏజెన్సీకి ఇచ్చేయాలా, యాడ్స్ పెట్టాలా, అన్నీ మూసేసి పాత పద్ధతిలోనే ఉండాలా? నా మంచి కోరే చేసిన తమ్ముడికి ఏమని చెప్పాలి?" అన్నది ఆమె ప్రశ్న.

జవాబు:

ముందు మీరు రాసిన అంకెలనే పక్కపక్కన పెట్టి చూద్దాం. 140 మంది అడిగితే ఏడుగురు కొన్నారు, అంటే నూటికి ఐదుగురు. ఒక్క కొత్త ఫాలోవరూ రాకుండా, ఒక్క కొత్త రీల్ తీయకుండా, ఈ ఐదును పదిహేను చేయగలిగితే ఏడు ఆర్డర్లు 21 అవుతాయి. నెల మొత్తం 35 నుంచి 49కి వెళుతుంది. జనం మీ గుమ్మం దాకా వస్తున్నారు, అక్కడినుంచి తిరిగి వెళ్లిపోతున్నారు. తమ్ముడూ, ఏజెన్సీవాళ్లూ, మీరూ కూడా ఇంకా ఎక్కువమందిని గుమ్మం దాకా ఎలా రప్పించాలా అని ఆలోచిస్తున్నారు. చిల్లు కడవలో ఉంటే బావి దగ్గర ఎన్నిసార్లు తోడినా ఏం లాభం?

చిల్లు ఎక్కడుందో మీ ఉత్తరంలోనే ఉంది. పొద్దున "ఎంత?" అని అడిగినవాళ్లకు రాత్రి పదింటికి జవాబు వెళుతోంది. ఆ మనిషి అప్పటికి ఇంకెక్కడో కొనేసి ఉండవచ్చు, లేదా ఆ కోరికే చల్లారిపోయి ఉండవచ్చు. పోస్టులో ధర రాయకుండా "మెసేజ్ చేయండి" అని పెట్టడం చాలామంది చేసే పనే. అడిగితే మాట కలుస్తుంది కదా అన్నది లెక్క. నిజానికి ధర కనపడకపోతే కొందరు ఖరీదు ఎక్కువనుకుని అడగకుండానే వెళ్లిపోతారు, కొనే ఉద్దేశం లేనివాళ్లు ఊరికే అడుగుతారు. అందుకే ధర ఫొటో కిందే రాసేయండి. అప్పుడు మీ 140 మెసేజ్‌లు 80కి పడిపోవచ్చు. చూసి కంగారుపడకండి, పోయినవి ఎలాగూ ఆర్డరయ్యేవి కావు.

మిగిలిన 80 మందికి జవాబు ఎలా వెళ్లాలన్నది అసలు విషయం. వ్యాపారానికి విడిగా ఒక నంబరు తీసుకుని అందులో వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకోండి, అది ఉచితమే. ఇంటి మెసేజ్‌లూ ఆర్డర్లూ కలిసిపోకుండా ఉంటాయి. అందులో క్విక్ రిప్లైలు అని ఉంటాయి. తరచూ రాసే జవాబును ఒకసారి దాచిపెట్టుకుంటే, ఏటవాలు గీత (/) కొట్టి చిన్న గుర్తు పదం రాయగానే జవాబంతా వచ్చేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫెషనల్ ఖాతాలోనూ ఇలాంటి సదుపాయం ఉంది. మీకు ఆరేడు జవాబులు చాలు. ఒక్కొక్కటీ ఈ తీరున ఉండాలి: "నమస్తే. మీరు అడిగిన పెద్ద సంచి ధర ఇంత, కొరియర్ ఖర్చు అందులోనే. వెడల్పు 40, ఎత్తు 36 సెంటీమీటర్లు, 8 కిలోల బరువు మోస్తుంది. అడ్వాన్సు అందిన నాలుగో రోజు పంపిస్తాం. నీలం సిద్ధంగా ఉంది, ఆకుపచ్చ అయితే వారం పడుతుంది. ఏది పంపమంటారు?"

చివరి ప్రశ్న గమనించండి. "కావాలంటే చెప్పండి" అని ముగిస్తే అవతలివాళ్లు ఏమీ చెప్పనవసరం లేదు. "నీలమా, ఆకుపచ్చా" అంటే ఒక్క మాటతో జవాబు ఇచ్చేయవచ్చు. కొలత, ధర, ఎన్ని రోజులు, డబ్బు ఎలా కట్టాలి అన్నవి మొదటి జవాబులోనే లేకపోతే ఒక్కోదానికీ ఒక్కో మెసేజ్ నడుస్తుంది. ప్రతి మలుపు దగ్గరా ఇద్దరు ముగ్గురు జారిపోతారు. రెండు రోజులు చూసి ఒక్కసారి గుర్తుచేయండి. మూడోసారి వద్దు, అక్కడినుంచి అది వెంటపడటమే అవుతుంది.

ఆ యాప్‌లో కేటలాగ్ కూడా ఉంది. 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు గానీ మీరు పన్నెండుకు మించవద్దు. ఎక్కువ చూపిస్తే ఎంచుకోలేక "తర్వాత చెబుతా" అంటారు. చాట్లకు తగిలించుకునే లేబుళ్లు ఐదు పెట్టుకోండి: కొత్తగా అడిగినవారు, జవాబు వెళ్లినవారు, అడ్వాన్సు వచ్చినవి, పంపినవి, మళ్లీ పలకరించాల్సినవారు. దీనివల్ల రాత్రిపూట చాట్లన్నీ పైకీ కిందికీ తోడి "ఈవిడకు ఏం చెప్పాను?" అని వెతుక్కునే పని తప్పుతుంది. మీ సమయం తినేస్తున్నది జవాబు రాయడం కంటే ఈ వెతుకులాటే అయివుంటుందని నా అనుమానం.

ఇక మీవారి మాట. ఆయన విసుగులో న్యాయం లేకపోలేదు. పదకొండింటికి ఇరవై నిమిషాలు, నాలుగింటికి ఇరవై, ఏడున్నరకు అరగంట: ఈ మూడు వేళల్లోనే ఫోన్ తీయండి. మిగతా సమయానికి ఆ యాప్‌లోనే 'అవే' (Away) మెసేజ్, అంటే మీరు అందుబాటులో లేరని చెప్పే జవాబు, పెట్టుకోవచ్చు. "కుట్టుపనిలో ఉన్నాం, నాలుగింటికి జవాబిస్తాం, ఈలోగా ధరలు కేటలాగ్‌లో చూడవచ్చు" అని దానంతట అదే వెళుతుంది. మనుషులు ఆలస్యాన్ని సహిస్తారు, ఎంత ఆలస్యమో తెలియకపోవడాన్ని సహించరు. ఆ నంబరును మరో నాలుగు పరికరాలకు కలుపుకునే వీలుంది కాబట్టి, మీ సహాయకుల్లో రాయడం వచ్చినవారికి పదకొండింటి వంతు అప్పగించవచ్చు. డబ్బు సంగతులు మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.

ఇప్పుడు పిల్లి దగ్గరికి వద్దాం. 60,000 మంది చూసింది పిల్లిని, సంచి దానికి పరుపు మాత్రమే. రీల్స్ ఎక్కువగా మిమ్మల్ని ఫాలో కానివాళ్లకే చూపిస్తారు. పిల్లి వీడియోలు ఇష్టపడేవాళ్లను ఇన్‌స్టాగ్రామ్ వెతికి పట్టుకుని వాళ్ల ముందు పెట్టింది. దాని పని అది సవ్యంగానే చేసింది. ఎంతసేపు చూశారు, ఎందరు లైక్ కొట్టారు, ఎందరు ఇంకొకరికి పంపారు అన్న మూడింటికీ ఎక్కువ బరువుంటుందని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసేరి 2025 మొదట్లో బయటికే చెప్పారు. వీటిలో మీకు పనికొచ్చేది మూడోది. కొత్తవాళ్లను చేరడానికి అదే దారి. ఒకరు చూసి "ఇది ఫలానావాళ్లకు కావాలి" అని పంపే వీడియో మీరు తీయగలరా? తీయగలరు, మీకు తెలిసిన పనిలోనే అలాంటివి కుప్పలుగా ఉన్నాయి.

ల్యాప్‌టాప్ 14 అంగుళాలు అంటే అది తెరకు మూల నుంచి మూలకు ఉన్న కొలత. కవరుకు కావలసింది ల్యాప్‌టాప్ మొత్తం పొడవు, వెడల్పు, మందం. ఈ తేడా తెలియకే చాలామంది సరిపడని కవరు కొని తిప్పి పంపుతారు. టేపు పెట్టి ఎలా కొలవాలో ఇరవై సెకన్లలో చూపండి. జిప్పు పట్టేస్తే పళ్ల మీద పెన్సిల్ ముల్లు రుద్దితే సాఫీగా నడుస్తుంది, అది చూపండి. హ్యాండిల్ అతికిన చోట ఒకటే అడ్డ కుట్టు వేసిన సంచినీ, చతురస్రం కుట్టి అందులో మూల నుంచి మూలకు ఇంటూ గుర్తులా కుట్టిన సంచినీ పక్కపక్కన వేలాడదీసి రెండింట్లోనూ పుస్తకాలు నింపుతూ పోండి. ఒక కుట్టు మీదే బరువంతా పడితే గుడ్డ అక్కడ చిరుగుతుంది, చతురస్రంలో అయితే బరువు నలువైపులా పంచుకుంటుంది. ఇలాంటిది చూసినవాళ్లకు మీ ధర ఎందుకు అంతో విడిగా చెప్పనక్కరలేదు.

చూశారుగా, వీటిలో ఎక్కడా మీ మొహం అవసరం లేదు. చేతులు, గుడ్డ, మిషన్ కనిపిస్తే చాలు. గొంతు వినిపించవచ్చు, అదీ తర్వాత విడిగా రికార్డు చేసి కలపవచ్చు, తడబడితే మళ్లీ చెప్పవచ్చు. మొహం చూపిస్తే నమ్మకం త్వరగా కుదురుతుందన్నది నిజమే, కాదనను. కానీ బలవంతాన నవ్వుతున్న మొహం కంటే నిబ్బరంగా పనిచేసే చేతులు నయం. ఆరు నెలల తర్వాత మీకే మాట్లాడాలనిపిస్తే అప్పుడు చూసుకోవచ్చు.

తీసేటప్పుడు కిటికీ మీ పక్కన ఉండాలి, వెనక ఉంటే చేతులు నల్లగా పడతాయి. లెన్సు తుడవండి, నూలు పీచు పడి మసకేయడం మీ పనిలో మామూలే. ఫోను నిలువుగా, స్టాండు మీద, 1080 బై 1920 కొలతలో. తెర మీద రాసే మాటలు మధ్యలో ఉంచండి, కింది భాగాన్ని పేరు, క్యాప్షన్ కప్పేస్తాయి. చాలామంది శబ్దం ఆపేసి చూస్తారు కనుక ముఖ్యమైన మాట అక్షరాల్లో కూడా ఉండాలి. మొదటి రెండు సెకన్లలోనే చిరిగిన హ్యాండిలో, పట్టేసిన జిప్పో కనపడాలి. "హాయ్ ఫ్రెండ్స్, ఈరోజు మనం" అనేలోపే సగం మంది దాటిపోతారు. పాటల విషయంలో ఒక హెచ్చరిక: వ్యాపార ఖాతాలకు సినిమా పాటలు వాడే హక్కు సాధారణంగా ఉండదు. వేరేచోట పాట కలిపి తెచ్చి పెడితే శబ్దం తీసేయవచ్చు, వీడియోనే తొలగించవచ్చు. మిషన్ చప్పుడే బాగుంటుంది. రోజూ ఒకటి తీయాలని కూర్చోకండి. నెలకు రెండు పూటలు కేటాయించి పూటకు నాలుగు తీస్తే, వారానికి రెండు చొప్పున నెలంతా సరిపోతాయి.

తమ్ముడు కొన్న 1,500 మంది సంగతి. వాళ్లు మనుషులు కారు, లేదా మీ భాష కూడా రాని ఎక్కడివాళ్లో. వాళ్లవల్ల మూడు నష్టాలున్నాయి. మీ స్టోరీలూ పోస్టులూ వాళ్లకూ వెళతాయి, వాళ్లు పలకరు, ఎవరికీ నచ్చలేదన్న సూచన ఇన్‌స్టాగ్రామ్‌కు పోతుంది. మీ ఫాలోవర్లు ఏ ప్రాంతాలవారో, ఏ వయసువారో చూపించే లెక్క అబద్ధమవుతుంది, రేపు యాడ్స్ పెట్టేటప్పుడు ఆ అబద్ధం మీద ఆధారపడతారు. ఇక మూడోది, 2,400 మంది ఉన్న ఖాతాలో పోస్టుకు పద్దెనిమిది లైకులు చూసిన కొత్తవాళ్లకు అనుమానం వస్తుంది. ఖాతా మూసి కొత్తది తెరిస్తే శుభ్రంగా ఉంటుంది గానీ కస్టమర్లు మిమ్మల్ని ట్యాగ్ చేసిన ఫొటోలు, పాత చాట్లు, నిజమైన 900 మందీ పోతారు. ఉన్నదాన్నే కడిగితే నెల పడుతుంది: ఫాలోవర్ల జాబితాలోకి వెళ్లి రోజుకు 50 మందిని తీసేయండి. ఒకేరోజు వందల్లో తీస్తే ఇన్‌స్టాగ్రామ్ అనుమానించి కొంతకాలం ఆ పనిని అడ్డుకోవచ్చు. "పాస్‌వర్డ్ ఇవ్వండి, మేమే ఊడ్చేస్తాం" అనే యాప్‌ల జోలికి పోవద్దు. నా ఓటు కడగడానికే. ఓపిక లేదంటే వాళ్లను అలాగే వదిలేయడం కూడా ఒక దారే. డబ్బిచ్చి తెచ్చిన ఫాలోవర్లు వాళ్లంతట వాళ్లే కొంతకాలానికి రాలిపోతుంటారు, కానీ ఆ లోగా లెక్కలు నమ్మలేరు.

దీనికంటే తొందర పని ఇంకొకటుంది, అది ఈరోజే చేయండి. ఖాతా తమ్ముడి నంబరు మీద, ఈ-మెయిల్ మీద ఉంది. ఆయన ఫోను పోయినా, నంబరు మారినా, మీ ఏడాది కష్టం తాళంచెవి లేని ఇల్లే. రెండూ మీవి పెట్టుకోండి, రెండంచెల భద్రత (పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ అడిగేది) పెట్టండి, అప్పుడు వచ్చే బ్యాకప్ కోడ్లను కాగితం మీద రాసి బీరువాలో ఉంచండి. "కాపీరైట్ ఉల్లంఘించారు, 24 గంటల్లో ఖాతా మూసేస్తాం, ఈ లింకు నొక్కండి" అని మెసేజ్‌లు వస్తుంటాయి. అవి తాళం దొంగిలించడానికి వేసే వలలు. ఇన్‌స్టాగ్రామ్ నిజంగా పంపిన ఈ-మెయిళ్ల జాబితా సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, అందులో లేనిదాన్ని నమ్మకండి.

తమ్ముడికి ఇదంతా చెప్పాలంటే, తప్పు చేశావనే మాట నుంచి మొదలుపెట్టకండి. "నంబరు నా పేరు మీదికి మార్చుదాంరా, రేపు నువ్వు పనిలో ఉంటే నాకు ఓటీపీ ఎవరిస్తారు" అనండి. ఫాలోవర్ల మాట ఆ తర్వాత, లెక్కలు చూపిస్తూ. పనిలోంచి ఆయన్ని తప్పించవద్దు. వీడియోలు కత్తిరించడం, అక్షరాలు పేర్చడం ఆయన మీకంటే బాగా చేస్తాడు. అభిమానంతో వచ్చినవాడికి చేయగలిగిన పని ఒకటి చేతిలో పెడితే, చేయకూడని పని మానడం అంత కష్టమనిపించదు.

ఏజెన్సీ సంగతి. వాళ్లు మీకిచ్చిన మాట ఫాలోవర్ల లెక్క. ఆర్డర్ల ఊసే లేదు. 20,000 మందిని ముందే హామీ ఇవ్వగలిగారంటే ఎక్కడినుంచి తెస్తారో మీరిప్పటికే ఒకసారి చూశారు. అయినా మాట్లాడాలనుకుంటే నాలుగు అడగండి: ఖాతా, యాడ్స్ ఖాతా ఎవరి పేరు మీద ఉంటాయి? వచ్చిన మెసేజ్‌లకు ఎవరు, ఎంతసేపట్లో జవాబిస్తారు? నెలాఖరున ఏ అంకె చూపిస్తారు? రెండో నెలలో నచ్చకపోతే బయటికి రావడానికి ఏం చేయాలి? యాడ్స్ ఖాతా వాళ్ల పేరు మీద ఉంటుందంటే అక్కడితో లేచి రండి. విడిపోయిన రోజున మీ కస్టమర్లెవరో, ఏ యాడ్ పనిచేసిందో చెప్పే చరిత్రంతా వాళ్లదగ్గరే ఉండిపోతుంది. మీకు సాయమే కావాలనుకుంటే, పన్నెండు వస్తువులకు మంచి ఫొటోలు తీసే మనిషిని ఒక్క రోజుకు పెట్టుకోవడం ఆరు నెలల సంతకం కంటే చవక. ఏడాది పొడవునా పనికొస్తుంది.

యాడ్స్ వద్దనను, ఇప్పుడు వద్దంటాను. ఎందుకో లెక్క వేద్దాం. ఒక ఆర్డరు మీద గుడ్డ, కూలి, కొరియర్ అన్నీ పోగా మీకు 100 మిగులుతుందనుకోండి. యాడ్ వల్ల ఒక మనిషి మెసేజ్ పెట్టడానికి 8 ఖర్చవుతుందనుకోండి. నూటికి ఐదుగురు కొంటున్నప్పుడు ఒక ఆర్డరుకు 20 మంది అడగాలి, అంటే 160 ఖర్చు, 60 నష్టం. నూటికి పదిహేనుమంది కొంటే ఒక ఆర్డరుకు ఏడుగురు లోపే చాలు, 53 ఖర్చు, 47 మిగులు. అదే యాడ్, అదే డబ్బు, మారింది మీ జవాబులే. 8కి బదులు మీ అసలు అంకె ఎంతో చిన్న మొత్తంతో వారం నడిపి తెలుసుకోండి.

నడిపేటప్పుడు పోస్టు కింద కనపడే బూస్ట్ మీట (డబ్బు కడితే ఆ పోస్టును ఎక్కువమందికి చూపించేది) మీద మనసు పోతుంది. లక్ష్యం మీరు సరిచూసుకోకపోతే అది లైకులు కొట్టేవాళ్లనో, ప్రొఫైల్ చూసి వెళ్లేవాళ్లనో తెస్తుంది. యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి మెసేజ్‌లు రావడమే లక్ష్యంగా ఎంచుకోండి. కొత్త యాడ్ సెట్టు (ఒకే లక్ష్యంతో కలిపి నడిపే యాడ్ల గుంపు) నిలదొక్కుకోవడానికి వారంలో 50 ఫలితాల దాకా కావాలని ఇన్‌స్టాగ్రామ్ యజమాని మెటా సంస్థ చెబుతుంది. చిన్న మొత్తాన్ని ఐదు యాడ్ సెట్లకు చీలిస్తే ఒక్కటీ అక్కడికి చేరదు. ఒక్కటే పెట్టండి, రోజూ గెలకకండి, వారం ఆగి చూడండి. మొదటగా చూపాల్సింది కొత్తవాళ్లకు కాదు. గత మూడు నెలల్లో మీ పేజీతో మాట కలిపి కొనకుండా వెళ్లినవాళ్లను విడిగా ఒక జాబితాగా ఎంచుకునే వీలుంది. వాళ్లకు చూపండి.

అయితే ఆర్డర్లు పెరిగితే కుట్టేదెవరు? మీరు నెలకు 150 సంచులు తీయగలరు. ఒక్కో ఆర్డరుకు సగటున రెండు సంచులనుకుంటే 35 ఆర్డర్లకు 70, 49 అయితే 98. అంటే నెలకు 52, మూడు వారాలకు (18 పనిదినాలు) 37 సంచుల ఖాళీయే మిగులుతుంది. ఈ అంకె గుర్తుంచుకోండి, వ్యాపార సమావేశాల్లో మీరు చెప్పాల్సిన మాట ఇందులోనే ఉంది.

మీరు 40 కార్డులు పంచి "బ్యాగులు కుడతాను" అని ఉంటారు. విన్నవాళ్లకు ఎవరూ గుర్తురారు. "30 నుంచి 35 సంచులు, మూడు వారాల వ్యవధి, సంస్థ పేరు ముద్రించి ఇస్తాను, శిక్షణ తరగతులు పెట్టేవాళ్లెవరైనా తెలుసా?" అని అడిగి చూడండి. వినేవాళ్ల తలలో ఒక మొహం మెదులుతుంది. 200 సంచులకు ఒప్పుకుని తేదీ తప్పితే ఆ సమావేశంలో మళ్లీ మీ మాట ఎవరూ ఎత్తరు, అందుకే అంకె ముందే చెప్పడం. అక్కడ మీరు వెతకాల్సింది కొనేవాళ్లను కాదు. మీ కస్టమర్లే వాళ్ల కస్టమర్లు కూడా అయి, మీకు పోటీ కానివాళ్లను: ముద్రణవాళ్లు, కార్యక్రమాలు ఏర్పాటుచేసేవాళ్లు, కానుకలు ప్యాక్ చేసేవాళ్లు. అలాంటి ముగ్గురు దొరికితే నలభై కార్డులకు సమానం.

దగ్గరివాళ్లకంటే ముఖపరిచయం ఉన్నవాళ్లే కొత్త కబురు తెస్తారని 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక పరిశోధన వ్యాసంలో చూపించారు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను ఆయన అడిగితే, కబురు చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లు నూటికి 17 మంది లోపే. మిగతావాళ్లకు అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవాళ్లే చెప్పారు. కారణం సులువే: దగ్గరివాళ్లకు తెలిసింది మీకూ తెలిసే ఉంటుంది. కాబట్టి స్నేహితురాలిని మళ్లీ మళ్లీ అడగడం కంటే, రెండేళ్ల కిందట ఒక కవరు కొన్న ఉద్యోగినిని పలకరించడం మేలు. సమావేశంలో మాట కలిసినవాళ్లకు మర్నాడే ఒక మెసేజ్ పెట్టండి, అందులో మీ కేటలాగ్ వద్దు. వాళ్లు అడిగినదానికి పనికొచ్చే ఒక వివరమో, ఒక నంబరో పంపండి.

వారం వారం కలిసి ఒకరికొకరు పని ఇప్పించుకునే సంఘాల్లో చేరమని మీ స్నేహితురాలు అడగవచ్చు. 1985లో మొదలైన బీఎన్ఐ ఆ కోవలోదే. ఒక్కో శాఖలో ఒక్కో వృత్తికి ఒక్కరినే తీసుకోవడం దాని ప్రత్యేకత, మీ పోటీదారు ఆ గదిలో ఉండరు. బదులుగా రుసుము, తప్పనిసరి హాజరు ఉంటాయి. వెళ్లి రావడంతో కలిపి వారానికి మూడు గంటలంటే ఏడాదికి 156 గంటలు, ఇంచుమించు 20 పనిదినాలు. ముగ్గురూ కలిసి రోజుకు ఆరు కనుక, మీ ఒక్కరి వంతు లెక్కన 40 సంచులు. గుంపు ఆర్డర్లే దారి అనుకుంటే అది గిట్టవచ్చు, విడి ఆర్డర్లే చాలనుకుంటే వద్దు. అతిథిగా ఒకటి రెండుసార్లు వెళ్లి, ఆ గదిలో ముద్రణవాళ్లూ కార్యక్రమాలవాళ్లూ ఉన్నారో లేదో చూసుకుని తేల్చుకోండి.

స్కూలు గ్రూపులో జరిగినది మిమ్మల్ని గుచ్చుతోందని తెలుస్తోంది. ఆ మాట అన్న తీరు బాగాలేదు, అడ్మిన్ మెసేజ్ తీయడంలో తప్పు లేదు. పిల్లల సంగతుల కోసం చేరినవాళ్లు అడగని సరుకు చూశారు, అంతే. అడ్మిన్‌కు విడిగా "నియమం తెలియక పెట్టాను, ఏమీ అనుకోకండి" అని ఒక్క వాక్యం రాయండి. గేటు దగ్గర తల దించుకోనక్కరలేదు, ఈపాటికి సగం మందికి అది గుర్తుకూడా ఉండదు. ఇకమీద గ్రూపుల్లో అమ్మకం వద్దు. ఎవరైనా "జిప్పు బాగుచేసేవాళ్లు తెలుసా" అని అడిగినప్పుడు జవాబు చెప్పేవాళ్లుగా ఉండండి. అమ్మకానికి మీ వాట్సాప్ స్టేటస్ ఉంది, ఇష్టమైనవాళ్లే తెరిచి చూస్తారు.

మీ అసలు ఆస్తి మాత్రం ఆ 25 మంది, నాలుగేళ్లలో ఒక్కసారైనా కొన్నవాళ్లందరూ. ఇన్‌స్టాగ్రామ్ రేపు నియమాలు మార్చినా వాళ్ల నంబర్లు మీదగ్గరే ఉంటాయి. పాత బిల్లులన్నీ తిరగేసి ఒక పుస్తకంలో పేరు, నంబరు, ఏం కొన్నారు, ఎప్పుడు, ఎలా తెలిసి వచ్చారు అని రాయండి. ఒకే మెసేజ్‌ను అందరికీ విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా పడతారు, కానీ మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ అందుతుంది. పంపాను, ఎవరూ పలకలేదని చాలామంది నిరాశపడేది ఇక్కడే. సేవ్ చేసుకోవడానికి వాళ్లకొక కారణం ఉండాలి. సంచితో పాటు వెళ్లే చీటీ మీద "ఆరు నెలల్లో జిప్పు పోతే ఉచితంగా మారుస్తాం, ఈ నంబరు సేవ్ చేసుకోండి" అని వేయండి. నెలకు రెండు మెసేజ్‌లు చాలు. అడగకుండా ఎవరినీ గ్రూపులో చేర్చకండి. ఎక్కువమంది బ్లాక్ చేసి ఫిర్యాదు చేస్తే నంబరే మూతపడుతుంది.

దగ్గరివాళ్లకు మీరే నేరుగా సరుకు అందిస్తుంటే, గూగుల్‌లో వెతికినవాళ్లకు మీ వ్యాపార వివరాలు చూపే బిజినెస్ ప్రొఫైల్ కూడా తెరవండి, అదీ ఉచితమే. కొరియర్‌లో మాత్రమే పంపేవాళ్లకు అది వర్తించదు. ఇంటినుంచి పని కనుక చిరునామా దాచి, సరుకు అందించే ప్రాంతాలు మాత్రం చూపవచ్చు. సరుకు అందిన మర్నాడు అందరినీ రివ్యూ రాయమని అడగండి. రివ్యూకు బదులు తగ్గింపు ఇవ్వడం, మెచ్చుకున్నవాళ్లనే ఏరి అడగడం రెండూ గూగుల్ నియమాలకు విరుద్ధం.

అన్నీ మూసేసి పాత పద్ధతికి పోవడం గురించి అడిగారు. అదీ తప్పు దారి కాదు. 25 మంది పాతవాళ్లూ, ఇంకెలాగో వచ్చే ఆ ముగ్గురూ నిలబడతారు, నెలకు ఏడు ఆర్డర్లు పోతాయి, సాయంత్రాలు మీవవుతాయి. ఇద్దరు సహాయకుల కూలి ఆ 28 ఆర్డర్లతో గిట్టుతుందా అన్నది మీరే చూసుకోవాలి. గిట్టకపోతే పైన చెప్పిన జవాబుల పని మూడు నెలలు చేసి చూడండి. ప్రతి నెలా మూడే అంకెలు రాసుకోండి: ఎందరు అడిగారు, ఎందరు కొన్నారు, ఎందరు రెండోసారి వచ్చారు. ధరలు పైకి పెట్టాక అడిగేవాళ్లు తగ్గుతారు కాబట్టి, నూటికి ఎందరన్నది ఒక్కటే చూడకండి, ఇన్‌స్టాగ్రామ్ నుంచి మొత్తం ఎన్ని ఆర్డర్లు వచ్చాయో కూడా చూడండి. మూడో నెలాఖరుకూ అది ఏడు దగ్గరే ఆగిపోతే లోపం జవాబుల్లో లేనట్టే, ఫొటోలోనో ధరలోనో ఉంది. అప్పుడు అడిగి కొనకుండా వెళ్లినవాళ్లలో పదిమందిని ఎంచుకుని, అమ్మే ప్రయత్నం లేకుండా, "కొనకపోవడానికి కారణం ఒక్క మాటలో చెబుతారా?" అని అడగండి. నలుగురు జవాబిచ్చినా చాలు, ఏం మార్చాలో తెలుస్తుంది.